టర్బో ఇంజనులో పీడనమును అదుపుచేయు కవాటములు

నాలుగేండ్ల క్రిందట నా వద్ద బి.యస్సి. చదివిన కుర్రవాడొకడు ఒక ఆదివారము ఉదయము తన కారును మా యింటిముందు ఆపి, జేబులోనుండి ఒక నల్లని ప్లాస్టిక్ వస్తువును తీసి నా చేతిలో పెట్టెను. అగ్గిపెట్టెకంటె కొంచెము పెద్దది. దానికి మూడు ముక్కులు, వెనుక రెండు విద్యుత్ తీగలు తగిలించుటకు చోటు ఉన్నవి. బరువు చెప్పదగినంత లేదు.

“మాస్టారూ, ఇది బిగిస్తే ఇరవై గుర్రాల బలం పెరుగుతుందంటున్నారు. మా కారు ఈ మధ్య సరిగా లాగడం లేదు. వచ్చే వారం ఇంట్లోవాళ్ళందరితో శ్రీశైలం వెళ్ళాలి. బిగించమంటారా?” అని అడిగెను.

నేను భౌతికశాస్త్రము చెప్పువాడనే కాని మెకానికును కాను. కాని అతని ప్రశ్న భౌతికశాస్త్రమునకు సంబంధించినదే. పెట్రోలును మండించలేనిది, దేనిని త్రిప్పలేనిది, అరచేతిలో ఇముడునది అయిన ఈ ముక్క ఇరువది గుర్రముల శక్తిని ఎక్కడనుండి తెచ్చును? ఘాటురోడ్డుపై ముసలి తలిదండ్రులను, పసిపిల్లలను కూర్చుండబెట్టుకొని పోవువాడు తెలిసికొని తీరవలసిన సంగతి ఇది.

ఇంజను ఎంత పెట్రోలు త్రాగునో అందరును లెక్కించెదరు. ఎంత గాలి పీల్చునో లెక్కించువారు తక్కువ. 1.8 లీటర్ల ఘనపరిమాణము గల నాలుగు ఘాతముల ఇంజను నిమిషమునకు 3000 సారులు తిరుగుచున్నదనుకొందము. రెండు చుట్లకు ఒకసారి సిలిండర్లన్నియు నిండును గనుక అది నిమిషమునకు 1500 సారులు 1.8 లీటర్ల గాలిని, అనగా 2700 లీటర్లను పీల్చవలెను. తూకములో ఇది మూడు కిలోగ్రాములకు పైమాటే. ఒక కిలోగ్రాము పెట్రోలు సంపూర్ణముగ మండుటకు సుమారు 14.7 కిలోగ్రాముల గాలి కావలెను. కాబట్టి ఇంజనులో ఎక్కువ పెట్రోలు పోయుట కష్టము కాదు. దానికి తగిన గాలిని లోనికి పంపుటయే కష్టము. కొలిమికి బొగ్గు వేసినంత మాత్రమున చాలదు, తిత్తి ఊదవలెను గదా.

టర్బోచార్జరు ఇంజనుకు తిత్తివంటిది. దానిని ఊదుటకు వేరే మనిషి అక్కరలేదు. పెట్రోలు మండగా పుట్టిన శక్తిలో ఇంచుమించు మూడవవంతు వేడిపొగగా గొట్టముగుండ బయటికి పోవుచున్నది. ఆ పొగ దారిలో ఒక చిన్న టర్బైను చక్రమును నిలిపి, అదే ఇరుసు రెండవ కొనకు గాలిని నొక్కి పంపు కంప్రెసరు చక్రమును తగిలించినచో, పారవేయబడు శక్తియే గాలిని ఊదును. స్విట్జర్లండు దేశపు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ 1905లో దీనికి పేటెంటు పొందెను. ఆచరణలో జయము చేకూరుటకు ఆయనకు ఇరువది ఏండ్లు పట్టెను. 1925లో డీజెలు ఇంజనుయొక్క శక్తిని 40 శాతమునకు పైగా పెంచి చూపెను. నేటి కారులోని టర్బో చక్రము మన అరచేతికంటె చిన్నది. అది నిమిషమునకు లక్షకు పైగా చుట్లు తిరుగును.

ఈ ఏర్పాటులో ఒక చిక్కు ఉన్నది. గాలి ఎక్కువైన కొలది పెట్రోలు ఎక్కువ మండును. పెట్రోలు ఎక్కువ మండిన కొలది పొగ ఎక్కువ వచ్చును. పొగ ఎక్కువైన కొలది టర్బైను ఇంకను వేగముగ తిరిగి, ఇంకను ఎక్కువ గాలిని నొక్కును. అడ్డులేనిచో ఈ చక్రము తనను తానే పెంచుకొనుచు ఏదో ఒకటి విరుగువరకు పోవును. మన చెరువులను త్రవ్వించిన పెద్దలకు ఇట్టి సంగతి బాగుగా తెలియును. తూము ద్వారా పొలములకు ఎన్ని నీళ్ళు వదలినను, వాన ఎక్కువైనప్పుడు కట్ట తెగకుండుటకు కలుజు ఒకటి కట్టి తీరవలెను. టర్బోకు కలుజువంటిది వేస్ట్ గేటు. అది టర్బైను ప్రక్కన ఉండు చిన్న తలుపు. అది తెరచుకొన్నచో కొంత పొగ చక్రమును తాకకయే ప్రక్కదారిన వెళ్ళిపోవును.

మోటారుకార్లలో ఈ కథ 1962లో అమెరికాలో మొదలయ్యెను. జనరల్ మోటార్స్ వారి ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్, షెవర్లె కార్వెయిర్ స్పైడర్ రెండును ఆ ఏడే వెలువడెను. జెట్‌ఫైర్ సంగతి వినదగినది. దాని ఇంజను టర్బో లేకుండనే మిశ్రమమును పదిరెట్లకు పైగా నొక్కునట్టిది. దానిపై టర్బో కూడ చేరుటచే వేడిని తట్టుకొనుటకై నీటిని, మెథిలు ఆల్కహాలును కలిపిన ద్రవమును గాలిలోనికి చిమ్మునట్లు అమర్చిరి. దానికి ‘టర్బో రాకెట్ ఫ్లూయిడ్’ అని గొప్ప పేరు పెట్టిరి. కాని కారు కొన్నవారిలో పలువురు ఆ సీసాను నింపుట మరచిపోయిరి. సీసా ఖాళీ అయినచో పీడనము తగ్గునట్లు రక్షణ ఉన్నది. శక్తి తగ్గెనని వారు ఫిర్యాదులు చేసిరి. చివరకు చాల కార్లనుండి టర్బోలను తీసివేసి మామూలు కార్బురేటర్లను బిగింపవలసి వచ్చెను. యంత్రము ఎంత మంచిదైనను, దాని అదుపు యజమాని జ్ఞాపకశక్తిపై ఆధారపడరాదని ఇంజనీర్లు అప్పుడు నేర్చిరి.

ఇక వేస్ట్ గేటును తెరచునది ఎవరు? ఇంజను ప్రక్కన ఒక చిన్న రేకుడబ్బా ఉండును. దానిలో అడ్డముగ ఒక రబ్బరు పొర, పొర వెనుక ఒక గట్టి స్ప్రింగు, పొరకు తగిలించిన ఒక కడ్డీ ఉండును. కంప్రెసరునుండి ఒక సన్నని రబ్బరు గొట్టము ద్వారా పీడనము పొర ముందరికి వచ్చును. పొర వ్యాసము 5 సెంటీమీటర్లనుకొన్న దాని వైశాల్యము దాదాపు 20 చదరపు సెంటీమీటర్లు. వాతావరణ పీడనముకంటె అదనముగ చదరపు సెంటీమీటరుకు అర కిలోగ్రాము పీడనము వచ్చినచో పొరపై 10 కిలోగ్రాముల బలము పడును. స్ప్రింగును సరిగా 10 కిలోగ్రాములకు బిగించి ఉంచినచో, పీడనము అంతవరకు పెరిగి, ఆపైన కడ్డీ కదలి తలుపు తెరచుకొనును. వంటింటిలోని ప్రెషర్ కుక్కరు మీది బరువు చేయు పనియే ఇది. ఈ అదనపు పీడనమునే మోటారువారు ‘బూస్టు’ అందురు.

స్ప్రింగుకు ఒకటే సంఖ్య తెలియును. ఎండైనను వానైనను, మంచి పెట్రోలైనను నాసి పెట్రోలైనను అది అర కిలోగ్రాము వద్దనే తలుపు తీయును. స్వీడను దేశపు సాబ్ కంపెనీ 1977లో చూపిన 99 టర్బో కారులో చిన్న టర్బోను వాడి, తక్కువ వేగములోనే పీడనము వచ్చునట్లు చేసి, ఎక్కువైన పొగను వేస్ట్ గేటు ద్వారా వదలిరి. నిత్యము నడుపుకొనదగిన టర్బో కారు అట్లు వచ్చెను. తరువాత 1980ల ఆరంభమున అదే కంపెనీ ఇంజనీరు పెర్ గిల్‌బ్రాండ్ మరియొక అడుగు ముందుకు వేసెను. ఇంజను గోడకు చెవివంటి ఒక పరికరమును తగిలించి, లోపల పెట్రోలు అకాలముగ మండిన చప్పుడు వినబడినప్పుడు పీడనమును తగ్గించు ఏర్పాటును ఆయన చేసెను. పీడనము ఇప్పుడు ఇంజను తట్టుకొనగలిగినంతవరకు పెరుగుచు తగ్గుచు ఉండును. దీనికి ఆయన వాడినది విద్యుత్తుతో పనిచేయు ఒక మూడు ముక్కుల కవాటము. మా కుర్రవాడు నా చేతిలో పెట్టినది ఆ కుటుంబమునకు చెందినదే.

అది చేయు పనిని ఒక్క మాటలో చెప్పవలెనన్న, స్ప్రింగు డబ్బాను మోసగించుట. ఒక ముక్కు కంప్రెసరు పీడనమునకు, రెండవది రేకుడబ్బాకు, మూడవది వాతావరణ పీడనమే గల చోటికి కలుపబడి ఉండును. లోపలి విద్యుదయస్కాంతము సెకనుకు ఇరువది ముప్పది సారులు కొట్టుకొనుచు, డబ్బాకు పోవు గాలిలో కొంత భాగమును మూడవ ముక్కు ద్వారా జారవిడుచును. సగము పీడనము జారిపోయినదనుకొందము. అప్పుడు ఇంజనుకు అదనముగ 1 కిలోగ్రాము పీడనము పోవుచున్నను, డబ్బాలోని పొరకు అర కిలోగ్రామే తెలియును. తలుపు అప్పుడే తెరచుకొన నారంభించును. ఒక్కొక్క కొట్టులో అయస్కాంతము ఎంతసేపు లాగి ఉంచవలెనో కారులోని కంప్యూటరు నిర్ణయించును. ఆ కాలమును పెంచిన బూస్టు పెరుగును, తగ్గించిన తగ్గును. తీగ తెగి విద్యుత్తు రాకపోయినచో పీడనమంతయు డబ్బాకే పోవునట్లు కవాటమును అమర్తురు. అప్పుడు బూస్టు స్ప్రింగు చెప్పిన సంఖ్యకు దిగివచ్చును. ఈ జాగ్రత్తను మనము గుర్తుంచుకొనవలెను. దీని అవసరము ముందు వచ్చును.

కవాటములను మార్చు సరదాకు పేరుపడిన ఇంజను ఫోక్స్‌వాగన్, ఆడి కంపెనీల 1.8 లీటర్ల టర్బో. సిలిండరుకు ఐదు చొప్పున ఇరువది కవాటములు గలది. 1990ల నడుమనుండి ఐరోపా అమెరికాలలో లక్షలాది కార్లలో పనిచేసెను. మన దేశములో అమ్మిన మొదటి స్కోడా ఆక్టేవియా ఆర్.ఎస్. కారులో ఉన్నది కూడ ఇదే. ఒకే ఇంజనును 150, 180, 225 గుర్రముల శక్తులతో అమ్మిరి. ఇందులో 225కు పెద్ద టర్బోనే పెట్టిరి గాని, 150కిని 180కిని నడుమ తేడా ముఖ్యముగ పీడనములోను, కంప్యూటరుకు వ్రాసి ఇచ్చిన ఆదేశములలోను కలదు. ఇది చూచినవారికి ఆశ పుట్టుట సహజము. ఇందులోని బూస్టు కవాటమును ‘ఎన్. 75’ అందురు. మంత్రాక్షరమేమియు కాదు, కంపెనీవారి వైరింగు పటములో దానికి పెట్టిన గుర్తు మాత్రమే. ఈ కవాటము పలు రకములుగా వచ్చెను. ఆయా రకములకు చివర ఒక్కొక్క అక్షరము. వానిలో ‘జె’ రకము ఔత్సాహికులలో ప్రసిద్ధికెక్కెను. మరికొందరు కర్మాగారములలో గాలితో నడచు యంత్రములకై అమెరికాలోని మాక్ కంపెనీ చేయు కవాటములను తెచ్చి కారుకు బిగింతురు. అవి దృఢమైనవి, చురుకైనవి, నిజముగనే మంచి వస్తువులు.

మంచి వస్తువైనంత మాత్రమున శక్తి పెరుగునా? ఇక్కడనే చాలమంది పొరబడుదురు. నేటి కారులో ఇంజనుకు పోవు గాలి పీడనమును కొలుచు పరికరము వేరుగ ఉన్నది. కంప్యూటరు దానిని చూచుచు, తనకు కావలసిన పీడనము వచ్చువరకు కవాటమునకు ఇచ్చు ఆజ్ఞను సవరించుచునే ఉండును. కవాటమును మార్చితిమనుకొందము. క్రొత్తది అదే ఆజ్ఞకు ఎక్కువ గాలిని జారవిడిచి బూస్టును పెంచును. కంప్యూటరు అది చూచి ఆజ్ఞను తగ్గించును. రెండు మూడు సెకనులలో పీడనము మరల పాత సంఖ్యకే వచ్చును. బియ్యము కొలిచి పోయు గృహిణికి క్రొత్త గరిటె ఇచ్చినంతమాత్రమున ఇంటిలో అన్నము ఎక్కువ వండబడదు గదా! మిగులునది ఆ రెండు మూడు సెకనుల కుదుపు మాత్రమే. పీడనము ఒక్కసారి గీత దాటి ఎగసి, పడి, మరల ఎగయును. కూర్చున్నవానికి వీపు సీటుకు ఒత్తుకొని ‘బలము పెరిగెను’ అని తోచును. పీడనము మరీ ఎగసినచో కంప్యూటరు బెదరి బూస్టును పూర్తిగా కత్తిరించి, ఇంజనును మందకొడిగా నడిపించును. ఘాటురోడ్డుపై లారీని దాటుచుండగా అట్లు జరిగిన ఎట్లుండునో ఊహింపుడు.

విద్యుత్తుతో పనిలేని చౌక కవాటము ఇంకొకటి కలదు. ఇత్తడి గొట్టములో ఒక గుండు, వెనుక ఒక స్ప్రింగు, త్రిప్పుటకొక మర. గుండు ఒక పీడనమువరకు గాలిని డబ్బాకు పోనీయదు. ఆపైన ఒక్కసారిగా వదలును. డబ్బాలో చిక్కిన గాలి తిరిగి పోవుటకు దానికొక సూదిబెజ్జము తప్పక ఉండవలెను. కొందరు తయారీదారులు దీనిని కూడ మరతురు! ఇది కంప్యూటరు మాట విననే వినదు. ఇంజను వేడెక్కినను, పెట్రోలు నాసిదైనను, మర త్రిప్పిన సంఖ్యకే అది కట్టుబడి యుండును. కొత్తగా బిగించిన గొట్టము ఒకటి ఊడిపోయినచో డబ్బాకు పీడనమే అందదు, తలుపు తెరచుకొనదు, ఇందాక చెప్పిన అంతులేని చక్రము మొదలగును. మూడు ముక్కుల విద్యుత్ కవాటమునకైనను గొట్టములను తారుమారుగ తగిలించిన ఇదే అపాయము. విద్యుత్తు పోయినప్పుడు బూస్టు తగ్గుటకు బదులు విచ్చలవిడిగ పెరుగును.

సరే, కంప్యూటరు ఆదేశములను కూడ మార్పించి, నిజముగనే ఎక్కువ పీడనము అడిగించితిమనుకొందము. శక్తి పెరుగును, సందేహము లేదు. కాని సైకిలుపంపు కొట్టినవారందరికి తెలిసిన సంగతి యొకటి ఉన్నది: గాలిని నొక్కిన వేడెక్కును. బయట 35 డిగ్రీల సెంటిగ్రేడు ఉన్నదనుకొని, కంప్రెసరు దక్షత 70 శాతమని లెక్కించిన, గాలిని వాతావరణ పీడనమునకు ఒకటిన్నర రెట్లు చేసినప్పుడు అది సుమారు 89 డిగ్రీలకు చేరును; రెండు రెట్లు చేసిన 131 డిగ్రీలకు. రెంటచింతలలో మే నెల మధ్యాహ్నము, బయట 45 డిగ్రీలున్నప్పుడు, ఆ రెండవ సంఖ్య 144 అగును. వేడెక్కిన గాలి వ్యాకోచించును గనుక, పీడనము రెట్టింపైనను సిలిండరులో చేరు గాలి తూకము రెట్టింపు కాదు. 35 డిగ్రీల లెక్కలో ఒకటిన్నర రెట్లు మాత్రమే. నడుమ ఇంటర్‌కూలరు అను చల్లార్చు జల్లెడను పెట్టి 60 డిగ్రీలకు దింపగలిగిన 1.85 రెట్లు వచ్చును. అందుచే కవాటముపై పెట్టు డబ్బును ఇంటర్‌కూలరుపై పెట్టిన తెలివి అని నా అభిప్రాయము.

వేడిగాలివలన శక్తి తగ్గుట చిన్న నష్టము. పెద్ద నష్టము వేరు. స్పార్కు ప్లగ్గు వెలిగించిన మంట సిలిండరులో ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు వరుసగా వ్యాపింపవలెను. మిశ్రమము ముందే అధికముగ వేడెక్కి, ఒత్తిడి పొంది యున్నచో, మంట చేరకముందే ఆవలి మూలనున్న భాగము తనంత తానే భగ్గున అంటుకొనును. ఆ దెబ్బకు లోహపుగోడ సుత్తితో కొట్టినట్లు మ్రోగును. దీనినే ‘నాకింగు’ అందురు. కంప్యూటరు ఆ చప్పుడును విని స్పార్కును ఆలస్యము చేయును. పెరిగిన శక్తిలో కొంత అక్కడనే పోవును, పోయిన శక్తి పొగలో వేడిగా చేరి టర్బైనును కాల్చును. తరచుగ తగిలిన దెబ్బలకు పిస్టను అంచులు చిట్లును, రింగుల నడుమ గట్లు విరుగును. ఇరువది గుర్రములకై ఆశపడి, ఉన్న నూట ఏబదిని షెడ్డులో కట్టివేయవలసి వచ్చును.

ఇంకొక హద్దు కూడ ఉన్నది. వేస్ట్ గేటు తలుపును లోపలినుండి పొగ ఒత్తిడి నిరంతరము త్రోయుచుండును. డబ్బాకు గాలి చేరకుండ పూర్తిగా ఆపినను, ఒక స్థాయి దాటిన తరువాత పొగయే స్ప్రింగును గెలిచి తలుపు తీసికొనును. ఎంత చురుకైన కవాటమైనను అక్కడ చేయగలిగినది లేదు.

రెండవ జాతి కవాటమును గూర్చి చెప్పవలెను. దానిని డైవర్టరు కవాటము అందురు. లక్ష చుట్ల వేగముతో కంప్రెసరు గాలిని నొక్కుచుండగా నడుపువాడు హఠాత్తుగ కాలు తీసినచో థ్రాటిలు మూసికొనును. గాలికి ముందుకు దారిలేక వెనుకకు తిరిగి చక్రము రెక్కలను కొట్టును. ఆ క్షణమున థ్రాటిలు ఆవల శూన్యము ఏర్పడును. ఆ శూన్యమే ఒక పొరను లాగి, డైవర్టరును తెరచి, గాలిని కంప్రెసరు ముందరికి త్రిప్పి పంపును. చాల కవాటములలో ఈ పొర రబ్బరుది. ఏండ్ల తరబడి వేడిలో నూనెలో నాని అది చిట్లుట వింత కాదు. కొందరు దీనిని తీసి లోహపు పిస్టను గల కవాటమును పెట్టుదురు. అది చిట్లదు, కాని అప్పుడప్పుడు తుడిచి గ్రీజు పూయకున్న బిగుసుకొనును. మరికొందరు గాలిని బయటికే వదలు రకమును బిగింతురు. గేరు మార్చినప్పుడెల్ల ‘హుష్’ అని ఊదుచు పోవు కారులను మన నగర వీధులలో వినవచ్చును. చప్పుడు కుర్రకారుకు ఇంపైనదే కావచ్చును గాని, గాలిని ముందే తూచి పెట్రోలు పోయు ఇంజనులలో, తూచిన గాలి వీధిపాలగుటచే పెట్రోలు మాత్రము మిగిలిపోయి నల్లని పొగయై వచ్చును.

ఇక మా కుర్రవాని కారు. కాలేజీ ప్రయోగశాలనుండి పీడనమాపకముతో కూడిన చేతిపంపును తెచ్చి మొదట రేకుడబ్బాను పరీక్షించితిమి. పంపు కొట్టగా కడ్డీ కదలెను, గాలి నిలిచెను. పొర మంచిదే. తరువాత పాత విద్యుత్ కవాటమును తీసి నోటితో ఊదితిమి. విద్యుత్తు లేనప్పుడు గాలి డబ్బావైపు ముక్కునుండి వచ్చినది. 12 వోల్టులు తగిలించగా టక్కున కొట్టుకొని దారి మార్చినది. అదియును మంచిదే. చివరకు డైవర్టరును ఊడదీసి, లోపలి తలుపును వ్రేలితో పైకి నొక్కి పట్టి, పైముక్కును బొటనవ్రేలితో మూసి, తలుపును వదలితిమి. పొర బాగున్నచో గాలి లోనికి పోవు దారిలేక తలుపు పైననే నిలువవలెను. అది వెంటనే జారి క్రిందికి వచ్చెను. మరల చేసితిమి, మరల జారెను. వెలుతురులో చూడగా పొర అంచున గోరంత చీలిక.

“అంటే మాస్టారూ, ఇన్నాళ్ళూ నొక్కిన గాలంతా ఇందులోంచి వెనక్కి పోతోందా?” అని అతడు అడిగెను.

అంతయు కాదు, కొంత. కోరిన పీడనము రాకపోవుటచే కంప్యూటరు వేస్ట్ గేటును మూయించి టర్బోను ఇంకను వేగముగ త్రిప్పించుచుండెను. ఆ స్థితిలో క్రొత్త కవాటము బిగించియున్న, చిల్లికుండలోనికి ఇంకొక బిందెడు పోసినట్లుండెడిది, టర్బోకు భారము మాత్రము పెరిగెడిది. సోమవారము అతడు కొత్త డైవర్టరును కొని బిగించెను, ఇరవై నిమిషముల పని. గురువారము రాత్రి శ్రీశైలమునుండి ఫోను చేసి, ఘాటులో మూడవ గేరులోనే ఎక్కితిమని చెప్పెను. ఆ నల్లని ముక్క నా బల్ల సొరుగులో ఉన్నది. విద్యుదయస్కాంతముల పాఠము చెప్పునప్పుడు తరగతికి తీసికొనిపోవుచున్నాను.